వంకయా, మురుగు కాలువయా?

ఒక వస్తువును ఏ పేరుతో పిలువవలెనను ప్రశ్న పండితుల వినోదమని లోకము సామాన్యముగా తలంచుచుండును. చాల పేర్ల విషయమున అది నిజమే. చింతచెట్టును మరియొక పేరుతో పిలిచినంతమాత్రమున దాని నీడ తరుగదు. కాని కొన్ని పేర్లు అట్టివి కావు. వానిలో నొకటి పెట్టినతోడనే మనకు కొన్ని విధు లేర్పడును. వేరొకటి పెట్టినతోడనే ఆ విధులు తొలగిపోవును. వచ్చినవాడు అతిథి యన్నచో అన్నము పెట్టవలెను. దొంగ యన్నచో తలుపు మూయవచ్చును. అట్టి పేరును నిర్ణయించువాడు, తాను పేరు మాత్రమే పెట్టుచున్నా ననుకొన్నను, నిజమునకు తీర్పు చెప్పుచున్నాడు. నీటి దారులకు మనము పెట్టు పేర్లు ఈ జాతికి చెందినవి.

రుద్రవరమునకు అనతిదూరమున నున్న ఒక గ్రామములో గడచిన వేసవిని ఇట్టి వివాద మొకటి మా యెదుటికి వచ్చినది. తూర్పున నల్లమల దిక్కునుండి వచ్చి, ఊరి చివరి వీధిని ఒరసికొని, పడమటి పొలములలోనికి పోవు నీటి దారి యొకటి అచ్చట కలదు. వానలకాలమున రెండు మూడు నెలలు అందు కొండనీరు పారును. తక్కిన కాలమున ఊరి ఇండ్లనుండి వెడలు మురికినీరే పలుచగా కదలుచుండును. ముసలివారు దానిని వంక యందురు. పిల్లలు మురుగు కాలువ యందురు. దాని ఒడ్డున స్థలము గల గృహస్థు డొకడు ఆ దారిని సగము పూడ్చి, మిగిలిన నీటిని సిమెంటు గొట్టములలోనికి మళ్లించి, పైన అంగడి గదులు కట్టదలచెను. దిగువనున్న పేటవారు అడ్డుపడిరి. అది వంకయైనచో పోరంబోకు, ఎవరును ముట్టరాదు. మురుగు కాలువయైనచో పంచాయతి సమ్మతి చాలును. ఉభయపక్షములవారును ఇట్లే నమ్మిరి. కావున వివాద మంతయు ఒక్క మాటపై నిలిచినది.

పాత కాగితములు ఇంగ్లీషున నుండుటచేత చదివి చెప్పుటకు మమ్ము పిలిచిరి. పాత సర్వే పటములో ఆ గీత ప్రక్కన వాగు అని అర్థమిచ్చు మాట కలదు. తరువాతి కాలమున రోడ్డు వేసినప్పుడు గీసిన పటములో అదే గీత ప్రక్కన మురుగు కాలువ యని అర్థమిచ్చు మాట కలదు. రెంటిని చదివి వినిపించితిమి. తామే గెలిచితిమని ఉభయులును సంతసించిరి. అందరును లేచిపోవుచుండగా దిగువపేట వృద్ధురాలొకతె మా యొద్దకు వచ్చి, "కాగితంలో ఏముంటే ఏముందిలే అయ్యవారూ! నీళ్లు పేరు చూసుకొని వస్తాయా?" అని యడిగెను. ఆనాడు మాకు సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆమె ప్రశ్ననుండి పుట్టినది.

ఈ చిక్కు ఆ యొక్క గ్రామమునకే పరిమితమైనది కాదు. మా సీమ యంతయు ఇట్టి చిక్కుతోనే నిండియున్నది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు. రెండు కొండల నీటిని అందుకొనుచు అది నంద్యాల మీదుగా దక్షిణమునకు పారి, కడప జిల్లాలో కమలాపురము చేరువను పెన్నలో కలియును. 1860 తరువాతి సంవత్సరములలో మదరాసు ఇరిగేషను కంపెనీ అను సంస్థ సుంకేసులయొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువను త్రవ్వించినది. పడవలు నడపుటయు, పైరులకు నీరిచ్చుటయు దాని ఉద్దేశములు. కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనివేసినది. ఈ కాలువ పూర్తిగా మనుష్యుడు త్రవ్వినది కాదు. కుందేటికి రాజోలియొద్ద మరియొక ఆనకట్ట కట్టి, నది నీటిని అచ్చట పట్టి, తిరిగి కాలువగా సాగించిరి. అనగా కొంత దూరము నదియే కాలువ పని చేయుచున్నది.

ఇంతటితో ఆగలేదు. శ్రీశైల జలాశయమునుండి పోతిరెడ్డిపాడు మీదుగా బనకచర్లకు వచ్చిన కృష్ణానీటిలో కొంత భాగమును నిప్పులవాగులోనికి విడుతురు. ఆ నీరు కుందేరు చేరి కర్నూలు-కడప కాలువ ఆయకట్టునకు ఉపయోగపడును. నిప్పులవాగు అనాదిగా వాగు. ఇంజనీర్ల లెక్కలలో నిది కాలువ నీటిని దింపు దారి. మరల, పొలములలో మిగిలిన నీరంతయు పిల్లకాలువలనుండి వంకలలోనికిని, వంకలనుండి కుందేటిలోనికిని దిగును గనుక, కుందేరు ఆయకట్టునకు మురుగు కాలువయు నగుచున్నది. ఒక్క నీటిదారియే పుట్టుకచేత నది, కొంత దూరము కాలువ, పొలముల దృష్టిలో మురుగు. ఇక రుద్రవరము మండలము గుండా పోవు తెలుగుగంగ ప్రధాన కాలువ సంగతి. 1983లో ఆరంభమైన ఈ పథకపు కాలువ నల్లమల పాదముల వెంబడి ఉత్తరమునుండి దక్షిణమునకు సాగును. కొండవాలునకు అడ్డముగా కాలువ పోవునపుడు పైనుండి దిగు నీటిని దాని క్రిందుగనో పైగనో దాటింపవలెను. చిన్న చిన్న వంకలను ఒకచోటికి చేర్చి దాటించుటయు కద్దు. అట్లు చేర్చిన దారిలో కొంత భాగము పార త్రవ్వినది; కొంత భాగము వాన త్రవ్వినది. అది వంకయా, కాలువయా?

ఇట్టి ప్రశ్నకు న్యాయశాస్త్రము మొదట నిచ్చిన సమాధానము పుట్టుకను బట్టి యిచ్చినది. 1882లోనే చేయబడిన ఈజుమెంట్ల చట్టము సహజ ప్రవాహమునకు లక్షణము చెప్పినది. అది నిత్యము పారినను, అప్పుడప్పుడు పారినను, నేలపై నున్నను, నేల క్రింద నున్నను సరియే. కాని కేవలము ప్రకృతి వ్యాపారముచేతనే, సహజమై యెరుగబడిన మార్గమున ప్రవహింపవలెను. అట్టి ప్రవాహమును పైవాడు అడ్డగింపరాదు, దాని పరిమాణమును గాని దిశను గాని గణనీయముగా మార్పరాదు. ఈ లక్షణములో మెచ్చదగిన దొకటి కలదు: అప్పుడప్పుడు పారు నీటిని గూడ అది విడువలేదు. మా వంటి మెట్టసీమకు ఇది ప్రాణప్రదమైన మాట. 2023లో అమెరికా సుప్రీంకోర్టు తమ దేశపు జలరక్షణ చట్టము ఇంచుమించు స్థిరముగా నిలిచి పారు జలములకే వర్తించునని తీర్పు చెప్పినది. ఆ కొలత నిచ్చటికి తెచ్చినచో రాయలసీమ వంకలలో నెన్ని మిగులును?

కాని 'కేవలము ప్రకృతి వ్యాపారముచేతనే' యను మాట మాకు నచ్చదు. వేయేండ్లుగా చెరువులు కట్టి, మరవలు కట్టి, కాలువలు తీసిన దేశములో చేయి తాకని నీరెక్కడిది? పై చెరువు మరవనుండి దూకి క్రింది చెరువునకు పోవు వంకను ప్రకృతి చేసినదా, పూర్వులు చేసిరా యని ఎవడు విడదీయగలడు? ఈ విషయమున మన నిఘంటుకర్త యే మేలు. అమరసింహుడు వారివర్గములో నదులను చెప్పుచు, 'కుల్య' యను మాటకు చిన్నదైన కృత్రిమ నది యని అర్థము చెప్పెను. మనుష్యులు త్రవ్విన దగుటచేత దానిని నదుల పంక్తినుండి వెలివేయలేదు. కృత్రిమమైనను నదియే. సంస్కృతమున 'కుల్య' యనగా సద్వంశమున పుట్టినదియు నగును. పారచేత పుట్టిన కాలువకు ఇట్టి పేరు దొరకుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను మా కది సంతోషము కలిగించినది.

శాసనములు సైతము అన్నియు పుట్టుకనే అడుగలేదు. 1905లో చేసిన మదరాసు భూ ఆక్రమణ చట్టము ప్రభుత్వ ఆస్తిని లెక్కించుచు నదులు, వాగులు, నాలాలు, చెరువులు, కాలువలు, నీటిదారులు, నిలిచిన నీరు, పారు నీరు అని యన్నిటిని ఒక్క వరుసలో చేర్చినది; బాటప్రక్కల కందకములను గూడ విడువలేదు. ఇంగ్లండులో 1991 నాటి భూముల నీటిపారుదలకు సంబంధించిన చట్టము నీటిదారి యను మాటకు అర్థము చెప్పుచు నదులతోపాటు గుంటకాలువలను, మురుగుదారులను, త్రవ్వకములను, తూములను కలిపివేసి, పట్టణముల మలినజలమును కొనిపోవు సార్వజనిక గొట్టములను మాత్రము వేరుచేసినది. మురుగునకు మనము వాడు ఇంగ్లీషు మాటను ఏ దేశమునుండి తెచ్చుకొంటిమో ఆ దేశమే ఆ మాట అడ్డము పెట్టుకొని నీటిని విడిచిపెట్టలేదు.

పుట్టుక పనికిరానిచో నడవడిని బట్టి నిర్ణయింతమా? ఇది మెరుగైన మార్గముగా కనబడును. మా వివాదములోని గృహస్థుని వాదమును ఇదియే. "ఒకప్పుడు అది వంకయే కావచ్చును. కాని నేడు పదినెలలు అందు పారునది మురికి. మురికిని మోయుదానిని మురుగు కాలువ యనక మరేమందురు?" అని యతడు అడిగెను. మాట సూటిగా నున్నది. కాని ఆ మురికి ఎవరిది? వంక కొండనుండి తెచ్చుకొన్నది కాదు. ఊరివారు తమ స్నానపు గదుల నీటిని, పశువుల కొట్టముల నీటిని, మరుగుదొడ్ల నీటిని అందులోనికి విడిచిరి. ఆ తరువాత, ఇది మలినము, కావున గౌరవమునకు తగదు, అని తీర్మానించిరి. ఇచ్చట నడవడి వంకది కాదు, మనది. మన దోషమును దాని స్వభావముగా వ్రాసి, ఆ స్వభావమును బట్టి దానికి శిక్ష విధించుచున్నాము.

ఈ తర్కము మనకు క్రొత్తది కాదు. మనుష్యుల విషయమున మనము తరతరములుగా చేసిన పని ఇదియే. ఊరి మురికి నెత్తు పనిని కొందరికి అప్పగించితిమి. ఆ పని చేయుటచేత వారు అశుచులంటిమి. పిమ్మట ఆ అశుచిత్వము వారి పుట్టుకలోనే కలదని చెప్పి, వారిని ఊరికి దిగువను, నీరు చేరు పల్లమున కాపురముంచితిమి. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. కాని ఇండ్లున్న చోటు మారలేదు. మా గ్రామ వివాదమున అడ్డుపడినవారు దిగువపేటవారే యగుట కాకతాళీయము కాదు. ఎగువవారి మురికి చేరునది వారి గడపకు. వంక మూసినచో వరద చేరునదియు వారి గడపకే. నీటిని మైలపరచి మైల యని వెలివేయుటయు, మనుష్యుని మైలపరచి మైల యని వెలివేయుటయు ఒక్క మనస్సు చేయు రెండు పనులు. ఆ రెంటి భారమును ఒక్క పేటవారే మోయుచున్నారు.

ఇదే కొండలలో అహోబిలమున భవనాశి యను ప్రవాహము కలదు. యాత్రికులు దాని నీటిని తలపై చల్లుకొందురు. సంసారబంధమును నశింపజేయునని దాని పేరునకు అర్థము. ఆ కొండల పడమటి వాలున దిగు నీరంతయు తుదకు కుందేటి దారియే పట్టును. ఎగువను తీర్థము, దిగువను మురుగు. నడుమ మారినది నీరు కాదు, చూచువారి అవసరము. గుడియెదుట నున్నప్పుడు దానివలన పుణ్యము కావలెను. వీధివెనుక నున్నప్పుడు దానివలన మురికి పోవలెను. రెండుచోట్లను దానినుండి కావలసినది తీసికొనుచున్నాము. ఒకచోట మాత్రమే నమస్కరించుచున్నాము. కౌటిల్యుడు జలస్థానములయొద్ద మలవిసర్జనము చేసినవారికి దండనము విధించెను. ఇంటినుండి వెడలు నీటికి దారి యెట్లుండవలెనో గూడ నియమించెను. తీర్థమును గౌరవించుటయు, మురుగును సరిగా నడపుటయు ఆ ప్రాచీనునకు ఒక్క రాజధర్మములోని భాగములే.

మా పక్షమునకు ఎదురు చెప్పదగిన మాటలు లేకపోలేదు. వానిని దాచిపెట్టి గెలుచుట మాకు ఇష్టము లేదు. మొదటిది రైతు చెప్పునది. ప్రతి గుంటకాలువయు రక్షిత ప్రవాహమైనచో తన చేని గట్టునకు పార వేయుటకును అనుమతి కావలెను. అనుమతి యన్నచో కచ్చేరీల చుట్టు తిరుగుడు, అడిగినవారి చేతిలో పెట్టవలసిన రూకలు. రక్షణ యను పేరు చాలసార్లు చిన్నవానిపై క్రొత్త పన్నుగా పరిణమించును. రెండవది న్యాయవాది చెప్పునది. చట్టమునకు నిశ్చయము కావలెను. ఎవని దయను బట్టియో మారు లక్షణము లక్షణమే కాదు. మూడవది అన్నిటికంటె బరువైనది. వంక ఒడ్డున నివసించువారు బీదలు. వంకను రక్షింపుడని ఉత్తరువు వెలువడిననాడు యంత్రము మొదట కూల్చునది వారి గుడిసెలనే. పెద్దవారి గోడలు న్యాయస్థానములలో సంవత్సరములకొలది నిలుచును.

రెండవ మాటకు బెంగుళూరు మంచి ఉదాహరణము. అచ్చటి వాననీటి కాలువలను రాజకాలువ లందురు. చెరువునుండి చెరువునకు నీటిని కొనిపోవు పూర్వపు దారులే నేడు పట్టణపు మురుగు కాలువలుగా కనబడుచున్నవి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునలు వానిని మూడు తరగతులుగా విడదీసి, ఇరుప్రక్కల వరుసగా 50, 35, 25 మీటర్ల మేర కట్టడములు కూడదని శాసించినది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కొలతలను కొట్టివేసినది. నగర ప్రణాళికలోని కొలతలను మార్చు అధికారము ట్రిబ్యునలునకు లేదన్నది. దీనినుండి మేము గ్రహించినది ఇది: ఎన్ని మీటర్లు విడువవలెనను ప్రశ్న శాసనకర్తలది, అది ఎప్పటికప్పుడు మారవచ్చును. కాని ఇది నీటి దారియా కాదా యను ప్రశ్న మీటర్లతో తేలునది కాదు. కొలత పోయినంతమాత్రమున కాలువ పోలేదు.

మూడవ మాటకు తిరుపతి ఉదాహరణము. అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇండ్లకొరకు మళ్లించిన వ్యాజ్యమున 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చెరువులు ఎప్పుడో వాడుక తప్పినవని అచ్చటను వాదించిరి. ప్రకృతి సంపదకు ప్రభుత్వము యజమాని కాదు, ప్రజల తరపున ధర్మకర్త మాత్రమే యను సూత్రమును ధర్మాసనము అంగీకరించినది. కాని అప్పటికే కట్టుకొన్న ఇండ్లను కూల్చుమనలేదు. ఇకమీదట కట్టడములు కూడదనియు, భూగర్భజలము నింపు ఏర్పాట్లు చేయవలెననియు చెప్పినది. కొందరికి ఇది బలహీనమైన తీర్పుగా తోచవచ్చును. పత్రము నమ్మి స్థలము పుచ్చుకొన్న బీదవానిని, ఆ పత్రము వ్రాసిచ్చినవాని పాపమునకు శిక్షింపరాదను న్యాయము అందు కలదని మా తలంపు. ధర్మకర్త తప్పు చేసినచో నష్టము తీర్పవలసినవాడు ధర్మకర్తయే. వంకను విడిపింపవలసివచ్చిననాడు ఆ కుటుంబములకు ముందు వేరొకచోట ఇల్లు చూపి, ఆ పిమ్మట కదల్పవలెను.

ఇంత విచారించిన పిమ్మట ఇది విజయవాడ మాట యెత్తవలసిన చోటు. బుడమేరు మైలవరము ప్రాంతపు కొండల నీటిని తెచ్చి కొల్లేటిలో పోయు వాగు. వెలగలేరు వద్ద దానికి నియంత్రకము కట్టి, వరదలో కొంత భాగమును మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోనికి పంపు ఏర్పాటు చేసిరి. పట్టణములోపల సంవత్సరములో అధికభాగము అది మురుగు కాలువవలెనే కనబడును. చూచినవారు అట్లే తలంచిరి, అట్లే ఒడ్డులు నింపిరి. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను కురిసిన వానకు మళ్లింపు కాలువ గట్లు తెగినవి. అజిత్‌సింగ్ నగరము మొదలైన పేటలు దినముల తరబడి నీటిలో నుండినవి. మిద్దెలపై నిలిచి అన్నపు పొట్లముల కొరకు చేతులు చాచినవారిలో ఎవ్వరును దానికి పేరు పెట్టినవారు కారు. కాగితముపై వ్రాసిన తీర్పును నీరు కొట్టివేసినది. శిక్ష మాత్రము తీర్పు వ్రాసినవారికి పడలేదు. మా సమీపమున నంద్యాలలో మద్దిలేరు, చామకాల్వ పొంగిన దినములలో పల్లపు వీధులవారికి ఈ పాఠము క్రొత్తది కాదు.

కావున పుట్టుకయు కాదు, మనము పులిమిన మురికియు కాదు. నిర్ణయమునకు వేరొక ఆధారము కావలెను. మా బుద్ధికి తోచినంతవరకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: గట్టి వాన కురిసినపుడు ఈ దారిలోనికి ఒక యింటిదో ఒక చేనిదో కాక, పై భూముల నీరు వచ్చుచున్నదా? రెండవది: ఈ దారి మూసినచో ఆ నీరు ఎవరి గడపకు పోవును? మూడవది: దీని దిగువను ఏ చెరువు, ఏ బావి, ఏ ఏరు దీనిపై ఆధారపడియున్నది? ఈ మూటికి సమాధానము దొరకినచో అది రక్షింపదగిన ప్రవాహము. దానిని దేవుడు త్రవ్వినను, ఇంజనీరు త్రవ్వినను, పూర్వులు త్రవ్వినను భేదము లేదు. సమాధానము దొరకనిచో, అనగా పైనుండి నీరు రాక, మూసినను ఎవ్వరికిని హాని కలుగక, దిగువ దేనికిని ఆధారము కాకున్నచో, అది గుంటకాలువయే. రైతు దానిని తన యిచ్చవచ్చినట్లు త్రవ్వుకొనవచ్చును, పూడ్చుకొనవచ్చును. ఇట్లు చేసినచో రైతు భయము తీరును. న్యాయవాది కోరిన నిశ్చయమును లభించును. ఏలయన ఈ ప్రశ్నలకు సమాధానము నేల వాలులో నున్నది గాని ఎవరి దయలోను లేదు.

అయినను సందేహము మిగులు సందర్భము లుండును. అప్పుడు నిరూపణ భారము ఎవరిపై నుండవలెను? రెండు తప్పులను తూచి చూతము. గుంటకాలువను వంక యని పొరబడినచో ఒకనికి అంగడి గదులు లేకపోవును. అతని నష్టము రూపాయలలో లెక్కించి తీర్పవచ్చును. వంకను గుంటకాలువ యని పొరబడినచో, పదియేండ్లకో ఇరువదియేండ్లకో ఒక రాత్రి వచ్చు నీరు ఈ వివాదములో పాలే లేని కుటుంబమును ముంచును. ఆ నష్టమును తీర్చు నాణెము లేదు. మొదటి తప్పు చేయించుకొన్నవానికి తెలియును, అతడు అప్పీలు చేయగలడు. రెండవ తప్పు ఎవరిపై పడునో వారు ఇంకను పుట్టియుండకపోవచ్చును. కావున మురుగు కాలువ యనువాడే నిరూపింపవలెను. సందేహమున్నచో వంక యనియే యుంచవలెను. పరీక్షించు కాలమును ముఖ్యము. చైత్రమాసమున ఎండిన గుంటను చూచి వ్రాసిన నివేదిక నివేదిక కాదు. భాద్రపదమున, వాన వెలిసిన మరునాడు, దిగువపేటవారిని వెంటబెట్టుకొని చూడవలెను.

పేరు ఒకసారి పోయిన తరువాత తిరిగి రాదని నిరాశ పడనక్కరలేదు. లండనులో ఫ్లీటు అను నదిని మురికిచేత దుర్గంధమయము చేసి, గుంట యని పిలిచి, 18వ శతాబ్దమున పైన కప్పివేసిరి. నేటికిని అది నేల క్రిందనే మురుగుదారిగా నున్నది. కొరియా రాజధాని సియోలు నగరవాసులు చోంగ్యేచోన్ అను తమ వాగును అట్లే కప్పి, దానిపై ఎత్తైన రహదారియు కట్టిరి. కాని 2005 నాటికి ఆ రహదారిని తీసివేసి, వాగును తిరిగి వెలుగులోనికి తెచ్చిరి. అందులో నేడు పారు నీటిలో చాలభాగము ఎత్తిపోయవలసినదే. పోగొట్టుకొన్నదానిని తిరిగి తెచ్చుటకు ఎంత వెల యగునో దీనివలన తెలియును. మా వంకలకు ఇంకను అంతటి గతి పట్టలేదు. పైన కొండ యున్నది, వాన వచ్చును, దారి యింకను తెరచియున్నది. మురికిని ఇండ్లయొద్దనే ఇంకుడుగుంటలలోనికి మళ్లించుట గ్రామమునకు అసాధ్యమైన పని కాదు.

ఇచ్చట మా దోషమును మేము ఒప్పుకొనవలెను. మేము కాపురముండు వీధి నీరును ఇట్టి వంకలోనికే పోవుచున్నది. ఇరువది సంవత్సరములుగా పిల్లలకు పరిశుభ్రతను బోధించుచున్నాము. మా పెరటి తూము ఎచ్చటికి పోవుచున్నదో ఆ వృద్ధురాలు ప్రశ్నించువరకు వంగి చూడలేదు. వేసవి సెలవులలో ఒక గుంట త్రవ్వించి, కంకర నింపి, ఆ తూమును అందులోనికి త్రిప్పితిమి. ఖర్చు ఒక పెండ్లి కానుకపాటి యైనది. ఇరుగుపొరుగువారిలో ఇద్దరు మాత్రము అట్లు చేసిరి; తక్కినవారు నవ్విరి. వారిని నిందించు అర్హత మాకు లేదు; నిన్నటివరకు మేమును వారిలోనివారమే.

ఆ గ్రామపు వివాదము ఇంకను తెగలేదు. మేము చేసిన అనువాదము క్రింద మా అభిప్రాయముగా రెండు వాక్యములు వ్రాసి యిచ్చితిమి: రెండు పటములలోని రెండు మాటలును ఒక్క నీటినే చెప్పుచున్నవనియు, వానలు వెలిసిన పిమ్మట నేలను చూడక ముందు ఏ గోడయు కట్టనీయరాదనియు. అంగడి గదుల గృహస్థు మాతో మాటాడుట మానెను. దిగువపేట వృద్ధురాలికి మాత్రము ఇప్పుడు సమాధానము చెప్పగలము. నీరు పేరు చూచుకొని రాదు. కావున మనమే నీటిని చూచి పేరు పెట్టవలెను. పెట్టునపుడు ఎగువ అరుగుమీద కూర్చుండి కాక, ఆమె గడపయొద్ద నిలిచి పెట్టవలెను.